పేజీ నంబర్లు లేని పుస్తకం

నియమం పెట్టుకోవడం ఎవరికైనా చేతనవుతుంది. దాన్ని ముప్ఫై ఒక్క ఏళ్ళు, ఒక్కరోజైనా తప్పకుండా నిలబెట్టుకున్నవాళ్ళ జాబితా మాత్రం చరిత్రలో చాలా చిన్నది. అందులో ఒకరిద్దరు మునులుంటారు, బహుశా ఒక రాజుంటాడు, వాళ్ళ వెనక వరసలో పుస్తకాలు బైండు చేసే ఒక మనిషి ఉంటాడు. మునుల సంగతీ రాజు సంగతీ రాసేవాళ్ళు రాశారు. బైండరు సంగతి ఎవరికీ పట్టలేదు గనక ఇక్కడ నమోదు చేయవలసి వస్తోంది.

అతని నియమం ఇది: చేతికొచ్చిన ఏ పుస్తకాన్నీ చదవడు. పేజీ నంబర్లు మాత్రం చూస్తాడు.

ఈ నియమం నడిచిన కాలాన్ని రెండు యుగాలుగా విభజించవచ్చు. కళ్ళజోడుకు ముందు, కళ్ళజోడు తరువాత. మొదటి యుగంలో బొటనవేలు నాలిక్కి తాకించి పేజీలు తిప్పేవాడు. రెండో యుగంలో డాక్టరు కోప్పడ్డాడని తడి స్పాంజి ముక్క పెట్టుకున్నాడు. అంతకు మించి చెప్పుకోదగ్గ మార్పు ఏదీ జరగలేదు. చూపు తిన్నగా పేజీ అడుక్కి దిగుతుంది, అంకెను అందుకుంటుంది, తరువాతి పేజీకి పోతుంది. పైనున్న అక్షరాల్లో హత్యలు జరిగాయో, సూర్యుడికీ భూమికీ మధ్య దూరం ఎంతో, అతనికి అనవసరం. ఇన్నేళ్ళలో రెండు కోట్ల అంకెలైనా చూసుంటాడు. వాటిలో ఒక్కటీ గుర్తులేదు.

ఇంతటి నియమానికి కారణం లేకపోలేదు. పని నేర్చుకునే రోజుల్లో మామయ్య దుకాణంలో, బల్లమీద పరిచిన పాత వారపత్రికలో కథ చదువుతూ, ఒక వైద్య విద్యార్థి తాలూకు శరీరశాస్త్రానికీ ఒక ఇల్లాలి వంటల పుస్తకానికీ అట్టలు తారుమారు చేశాడు. విద్యార్థి పరీక్ష ముందురోజు గుండె గురించి చదువుదామని తెరిస్తే వంకాయ తగిలింది. ఆ ఇల్లాలు సాయంత్రం వంటకు దిగి పుస్తకం తెరిచి, కాలేయం బొమ్మ చూసి, ఆ పూట పొయ్యి వెలిగించలేదు. ఇద్దరూ ఒకేసారి దుకాణానికి వచ్చారు. మామయ్య తిట్టలేదు. వాళ్ళను పంపించి, వారపత్రికను మడిచి, దాంతో నెమ్మదిగా జిగురు గిన్నె తుడిచాడు.

"అక్షరాలు వాళ్ళవిరా. అంకెలు మనవి. మనవి మనం చూసుకుందాం" అన్నాడు.

అంతే. ఆ తరువాత మేనల్లుడు అక్షరాల జోలికి పోలేదు.

ఇప్పుడు దుకాణం వేరే లేదు. ఇంటి ముందుగదే దుకాణం. కిటికీ పక్కన చక్రం తిప్పితే కత్తి దిగే కటింగ్ మెషీను, దాని పక్కన కుట్టుచెక్క, మూలన పుస్తకాల్ని నొక్కిపెట్టే మరప్రెస్సు. గోడకు దబ్బనాలు సైజుల వారీగా గుచ్చి ఉంటాయి. కర్టెను అవతల వంటిల్లు. అక్కడ రెండు గిన్నెలు ఎప్పుడూ పొయ్యి మీద ఉంటాయి, ఒకటి కూరకి, ఒకటి పిండిజిగురుకి. రెండింటినీ కలిపేది భార్యే గానీ గరిటెలు వేరు. ఈ విషయంలో ఆవిడకూ ఒక నియమం ఉంది. దాన్ని గురించి మరోచోట రాయవచ్చు.

వాళ్ళకు ఒక్కతే కూతురు. ఆ అమ్మాయి మూడు నెలల కిందట వేరే ఊళ్ళో కాలేజీలో చేరి, హాస్టల్లో ఉంటోంది. ఇంట్లో చిట్టి అంటారు. ఆదివారం సాయంత్రం ఆరింటికి ఫోన్ చేస్తుంది. తండ్రీకూతుళ్ళ సంభాషణకు ఒక స్థిరమైన రూపం ఏర్పడిపోయింది.

"తిన్నావా?"

"తిన్నాను."

"చదువుతున్నావా?"

"చదువుతున్నాను."

"సరే, అమ్మకిస్తున్నా."

నలభై ఏడు సెకన్లు. ఒకసారి యాభై రెండు పట్టింది, కానీ మధ్యలో చిట్టికి తుమ్మొచ్చింది.

కిందటి ఆదివారం ఫోన్ అయ్యాక భార్య కర్టెను పక్కకు తోసుకుని వచ్చింది. చేతిలో జిగురు గరిటె ఉంది.

"ఏమండీ, అది మూడుసార్లు బాగున్నానంది."

"మంచిదేగా."

"బాగున్నవాళ్ళు ఒకసారి చెప్తారు. పైగా, చదువు మానేసి వచ్చేస్తే నాన్న ఏమంటాడని నవ్వుతూ అడిగింది."

బైండరు దారానికి మైనం రాస్తున్నవాడు ఆపాడు.

"నువ్వేమన్నావు?"

"నేనూ నవ్వాను. ఇంకేం చేస్తాను? నేను గట్టిగా అడిగితే అది ఏడుస్తుంది, అదేడిస్తే నేనేడుస్తాను, సంగతి తేలదు. వచ్చేవారం మీరడగండి."

"నేనేమడగను? నాకు తెలిసిన ప్రశ్నలు రెండే."

"మూడోది ఒకటి ఆలోచించండి. వారం టైముంది."

చూడ్డానికి చిన్న పనిలాగే ఉంటుంది. కానీ అతని చదువు పదోతరగతితో ఆగింది. కాలేజీ అంటే అతనికి తెలిసిందల్లా అక్కణ్ణుంచి వచ్చే లావుపాటి రికార్డు పుస్తకాలు, వాటికి వేసే నల్ల అట్ట. లోపల మనుషులు ఎలా ఉంటారో, ఏం చేస్తారో, ఒక పిల్లకు అక్కడ ఏం పోతుందో, అతని ఊహకు అందదు. సోమవారమంతా మూడో ప్రశ్న కోసం వెతికాడు. సాయంత్రానికి "అక్కడ వాన పడుతోందా?" అన్నది తేలింది. భార్యకు చెప్తే ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

మంగళవారం టీచరమ్మ వచ్చింది. ఆవిడ రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. రెండు వీధుల అవతల అద్దె లైబ్రరీ నడుపుతుంది. నడక, మాట, గొంతు ఇంకా బడిలోనే ఉన్నాయి. రిక్షాలోంచి ఇరవై రెండు పుస్తకాల కట్ట దింపించి, ఇరవై మూడోదాన్ని మాత్రం గుడ్డసంచిలోంచి స్వయంగా తీసి బల్లమీద పెట్టింది. దాన్ని పుస్తకమనడం మర్యాద. రెండు అట్టల మధ్య విడివిడి కాగితాల కుప్ప. పై అట్టమీద 'మొదటి బెంచీ ఖాళీ' అని పేరు, కింద అరిగిపోయిన ఒక సైకిలు బొమ్మ. లోపల పేరుండే పేజీ లేదు, రాసిందెవరో తెలీదు.

"పడిపోయిందా టీచరమ్మా?"

"పడలేదయ్యా. చదివారు. కాలేజీ పిల్లల కథ. ఒకళ్ళ తరవాత ఒకళ్ళు, ఇన్నేళ్ళుగా. సోమవారం పొద్దున్నకి కావాలి. తొమ్మిదిమంది చూస్తున్నారు."

బైండరు స్పాంజికి వేలు తాకించి అలవాటుగా పేజీ అడుక్కి చూశాడు. అక్కడ ఏమీ లేదు. రెండో కాగితం చూశాడు. మూడోది చూశాడు. అక్షరాల చివరి వరస కింద వెంట్రుకవాసి ఖాళీ, ఆ వెంటనే కాగితం అంచు.

"నంబర్లు లేవండీ."

"ఏవి?"

"ఎవరో కోసేశారు. మళ్ళీ బైండు చేసినప్పుడల్లా అంచులు సాపు చేయడానికి కాస్త కోస్తాంగా, అడుగున మరీ లోపలికి..."

టీచరమ్మ వెనక అట్ట తెరిచి చూపించింది. అక్కడ బైండరు దుకాణం రబ్బరు ముద్ర ఉంది. ఒకటి కాదు, రెండు. పక్కపక్కనే, తిన్నగా, అందంగా.

బైండరు ఆ అట్టను మెల్లగా మూశాడు.

"వరస మీకు తెలిసే ఉంటుంది గదా. చదివారుగా" అన్నాడు బైండరు.

"పాతికేళ్ళ కిందట చదివాను. అప్పుడది కుట్టి ఉంది."

"మరెట్లా?"

"చదివి పెట్టు."

"చదవడమా?"

"ఏం, రాదా?"

"వస్తుంది గానీ, అలవాటు లేదు."

"నీకు తొమ్మిది మంది చాలకపోతే చెప్పు, నేను పదోదాన్ని" అని టీచరమ్మ రిక్షా ఎక్కింది.

పుస్తకాల్లో పదహారేసి పేజీలు ఒకే కాగితం మీద అచ్చయి, మడతపడి, ఒక చిన్న కట్టగా వస్తాయి. దాన్ని ఫారం అంటారు. ఈ పుస్తకంలో చివరి ఫారం ఒక్కటే దారం తెగకుండా నిలిచింది. దాన్ని వరసపెట్టే పని లేదు గనక పక్కన పెట్టాడు. మిగిలిన కాగితాలన్నీ నేలమీద పరిచి, ఎగిరిపోకుండా ఫ్యాను కట్టేసి, బుధవారం ఉదయం పది గంటల పది నిమిషాలకు, ముప్ఫై ఒక్క ఏళ్ళ నియమాన్ని భంగపరిచాడు.

మొదటి గంట పని జరగలేదు. కళ్ళు పైనుంచి మొదలుపెట్టి అలవాటుకొద్దీ అడుక్కి జారిపోయేవి. వాటిని లాక్కొచ్చి మళ్ళీ మొదటి వరస మీద నిలబెట్టేవాడు. రెండో గంటలో చెమట పట్టింది. మూడో గంటలో అతను పకపకా నవ్వాడు.

వంటింట్లోంచి భార్య పరుగున వచ్చింది. పనిచేస్తూ అతను నవ్వడం ఆవిడ పెళ్ళయ్యాక వినలేదు.

"ఏమైందండీ?"

"అలారం మళ్ళీ లేవలేదు."

"ఏ అలారం?"

ఇక చెప్పక తప్పింది కాదు. కథలో ఒక పిల్ల కొత్తగా కాలేజీలో చేరి హాస్టల్లో ఉంటుంది. ఆమె గదిలో ఇంకో పిల్లకి అలారం అని పేరు. తెల్లారి అయిదింటికి గంట పెట్టుకుంటుంది. దాని మోతకు వరండా అంతా లేస్తుంది, ఆఖరికి వార్డెను కూడా లేస్తుంది, ఆ పిల్ల ఒక్కతే లేవదు. క్లాసులో ఒక కుర్రాడు రోజుకో గొడుగుతో వస్తాడు, ఒక్కటీ అతనిది కాదు. వాడి పేరు గొడుగు. పిల్లల మీద నమ్మకం లేక హాజరు రెండుసార్లు పిలిచే మాస్టారొకాయన ఉన్నాడు. మొదటిసారి పలికి రెండోసారి నిద్రపోయినవాళ్ళు ఆయన లెక్కలో సగం వచ్చినట్టు.

"తరవాత?" అంది భార్య.

"తరవాతదేదో తెలీదు. అదే కదా పని."

"మీరు చదవండి. ఏది ముందో నేను చెప్తాను" అని ఆవిడ పొయ్యి ఆర్పేసి వచ్చి నేలమీద కూర్చుంది.

అక్కణ్ణుంచి పని పరుగెత్తింది. ఇన్నేళ్ళుగా జిగురు కలిపిన మనిషిలో ఒక న్యాయమూర్తి ఉన్నట్టు బైండరుకు అప్పుడు తెలిసింది. అతను కాగితం తీసి చదివేవాడు, ఆవిడ వేలితో నేలమీద చోటు చూపించేది. హాస్టలు గదిలో ఫ్యాను ఆగిపోతే పిల్లలందరూ దానికి వీడ్కోలు సభ పెట్టి ఉపన్యాసాలిచ్చే ఘట్టం ఒకటి వచ్చింది. మధ్యలో వార్డెను తలుపు తోసుకుని వస్తుంది. అందరూ బిగుసుకుపోతారు. ఆవిడ విషయం విని, గొంతు సవరించుకుని, తానూ రెండు మాటలు మాట్లాడుతుంది.

"ఇందాకటి కాగితంలో వార్డెను నవ్వింది కదా? అది దీని తరవాత పెట్టండి. ఈ సభకి ముందైతే ఆవిడ నవ్వదు."

"అదెలా చెప్పగలవు?"

"మీ అక్కయ్యను చూశాను కదా."

బైండరు కాగితాన్ని ఆవిడ చెప్పినచోట పెట్టాడు. గురువారం సగం పుస్తకం వరసకొచ్చింది. శుక్రవారం కూర మాడింది. ఇద్దరూ దాన్నే తిన్నారు.

ఆ సాయంత్రమే ఒక కాగితం దగ్గర అతని గొంతు తగ్గింది. అందులో ఆ పిల్ల మెస్సు మూసే వేళకి వెళ్తుంది, అందరూ తినిపోయాక. గోడవైపు మొహం పెట్టి కూర్చుంటుంది. కంచం పక్కన ఒక పుస్తకం తెరిచి పెట్టుకుంటుంది, పనిలో ఉన్నట్టు కనిపించడానికి. పేజీ మాత్రం తిప్పదు. ఇంటినుంచి నాన్న ఫోన్ చేసి తిన్నావా అంటాడు. తిన్నాను అంటుంది. అబద్ధం కాదు, తిన్నది.

బైండరు కాగితం పట్టుకుని అలాగే ఉన్నాడు. భార్య చోటు చూపించలేదు.

కాగితం వైపు చూస్తూ ఆవిడ అంది. "అది మొదట్లోదండీ. ఇంకా ఎవరూ దగ్గరవని రోజుల్లోది."

"ఎన్నాళ్ళ దాకా కాలేదో?"

"వెతకండి మరి."

ఇక అప్పటినుంచి ఇద్దరూ వెతికింది పుస్తకం వరస కాదు. ఆ పిల్ల ఎవరితోనైనా కూర్చుని అన్నం తినే కాగితం. శనివారం మధ్యాహ్నం బీరువా కిందికి జారిపోయిన కాగితాల్లో అది దొరికింది. ఒకరోజు ఆ పిల్ల అలారం ముసుగు లాగేసి, "లే, మెస్సు మూసేస్తారు. నాకు ఒక్కదానికి వెళ్ళాలంటే భయంగా ఉంది" అంటుంది. ఎన్ని గంటలు మోగినా లేవని అలారం చటుక్కున లేచి కూర్చుంటుంది. "ముందే చెప్పొచ్చుగా" అంటుంది. అంతే ఆ పేజీ.

బైండరు దాన్ని రెండుసార్లు చదివాడు. రెండోసారి పనికోసం కాదు.

ఆదివారం మధ్యాహ్నానికి వరస పూర్తయింది. విడి కాగితాల్ని సన్నటి కాగితపు పట్టీలతో జతలుగా అంటించి, ఫారాలు కట్టి, బల్లమీద దొంతర పేర్చాడు. మిగిలింది చివరి ఫారం. అది చదవాల్సిన అవసరం లేదు. అయినా చదువుతున్నాడు. పరీక్షలు దగ్గరికొచ్చాయి, గొడుగుకి సొంత గొడుగు కొనివ్వడానికి క్లాసంతా కుట్ర చేస్తోంది. సరిగ్గా అప్పుడు ఫోన్ మోగింది. చేతిలోది చటుక్కున దొంతర మీద పడేసి ఫోన్ తీశాడు. భార్య కర్టెను దగ్గర నిలబడింది.

"తిన్నావా?"

"తిన్నాను."

ఇక్కడ చదువు ప్రశ్న రావాలి. దాని కోసం అటువైపు చిట్టి ఆగింది.

"ఎవరితో కూర్చుని తిన్నావు?" అన్నాడు.

అటువైపు ఎక్కడో నీళ్ళ బకెట్టు కింద పెట్టిన చప్పుడు.

"ఏంటి నాన్నా?"

"ఎవరితో తిన్నావని."

"గోడతో" అంది చిట్టి. నవ్వబోయింది, సగంలో ఆగింది.

"గోడ ఏమంటోంది?"

"ఏమీ అనదు. నీకెవరు చెప్పారు?"

"ఒకళ్ళు చెప్పాలా? కాలేజీల్లో మొదట్లో అంతే" అన్నాడు బైండరు, మూడు డిగ్రీలు పుచ్చుకున్నవాడిలా. "పుస్తకం తెరిచి పెట్టుకుంటున్నావా పక్కన?"

"...ఆఁ."

"పేజీ తిప్పుతున్నావా?"

చిట్టి ఏడ్చింది. అతను ఫోన్ అమ్మకివ్వలేదు. భార్య చెయ్యి చాచింది గానీ, అతను తల అడ్డంగా ఊపి, అలాగే పట్టుకుని ఉన్నాడు. ఏడుపు తగ్గాక అడిగాడు.

"అలారం పెట్టుకుని లేవనిది ఎవరైనా ఉందా మీ దగ్గర?"

"మా గదిలో లేదు. పక్కగదిలో ఉంది. వరండా అంతా లేస్తుంది, తను తప్ప. ఇవన్నీ నీకెలా తెలుసు నాన్నా?"

"ఆ పిల్లని లేపు."

"నాకసలు పరిచయం లేదు."

"లేపితే అవుతుంది. ఒక్కదానికి వెళ్ళాలంటే భయంగా ఉందని చెప్పు. ఉన్నమాటేగా."

"సిగ్గుగా ఉండదూ?"

"ఉంటుంది. ఒక నిమిషం. గోడతో నాలుగేళ్ళు తింటావా?"

చిట్టి ముక్కు చీదుకుంది. "నేను వచ్చేద్దామనుకుంటున్నాను" అంది.

"రా. నీ ఇల్లు, తలుపు తీసే ఉంటుంది. కాకపోతే ఆ పిల్లని ఒకసారి లేపి, అప్పుడు రా."

భార్య పక్కనుంచి గొణిగింది. "గొడుగు సంగతి అడగండి."

"ఊళ్ళోవాళ్ళ గొడుగులతో వచ్చే కుర్రాడున్నాడా మీ క్లాసులో?"

"గొడుగు కాదు, పెన్ను. ఇప్పటికి నావి నాలుగు పోయాయి" అంది చిట్టి. ఇక ఆపలేదు. ఆ కుర్రాడి సంగతి, నీళ్ళు రాని కొళాయి సంగతి, తనను ప్రతిరోజూ వేరే పేరుతో పిలిచే లెక్చరరు సంగతి. ఫోన్ చెవికి వేడెక్కింది. పెట్టేసేటప్పటికి నలభై ఒక్క నిమిషాలయింది.

ఆ ఊపులో బైండరు అప్పటికప్పుడు కుట్టుచెక్క ముందు కూర్చుని, దొంతర మొత్తం కుట్టి, వీపుకు జిగురు పెట్టి, మరప్రెస్సులో బిగించాడు. పొద్దున్నే కొత్త అట్ట వేసి, పాత అట్ట మీది పేరూ సైకిలు బొమ్మా కత్తిరించి దానిమీద అంటించాడు. పేజీ అడుగున మిగిలిన అక్షరాలు పోకుండా కత్తిని ఈసారి అసలు దించలేదు. తొమ్మిదింటికల్లా పుస్తకం టీచరమ్మ బల్లమీద ఉంది.

తరువాతి ఆదివారం ఆరింటికి భార్యాభర్తలిద్దరూ ఫోన్ ముందు కూర్చున్నారు. అది ఆరూ ఇరవైకి మోగింది. బైండరు ఈసారి ప్రశ్నలు ఒక చీటీ మీద రాసుకున్నాడు. తొమ్మిదున్నాయి.

"తిన్నావా?"

"ఇంకా లేదు నాన్నా. నా కోసం కింద నిలబడ్డారు, అరుస్తున్నారు. ఆ పక్కగది పిల్ల లేచిందే ఇప్పుడు, మధ్యాహ్నం నుంచి పడుకునుంది. మళ్ళీ చేస్తా, అమ్మకి చెప్పు."

పందొమ్మిది సెకన్లు. బైండరు చీటీ మడిచి, కళ్ళజోడు పెట్టెలో పెట్టాడు.

బుధవారం టీచరమ్మ వచ్చింది.

"ఏమయ్యా, చివరి పదహారు పేజీలూ తలకిందులుగా ఉన్నాయి."

బైండరు పుస్తకం తీసుకుని చూశాడు. ఉన్నాయి. పైకీ కిందికీ తేడా అతనికి ఇన్నేళ్ళూ చెప్పింది ఆ అడుగు అంకెలే. అవి లేవు.

"ఇవ్వండి, విప్పి కుడతాను."

"వద్దు. ఇంకోసారి నీ చేతిలో పడితే అక్షరాలు పోతాయి. జనం పుస్తకాన్ని తిప్పి పట్టుకుని చదువుకుంటున్నారు. ఒకావిడ అయితే గుర్తే పట్టలేదు."

అతను అట్ట మీది సైకిలును వేలితో తుడిచాడు. "ఇలాంటిది ఇంకోటి ఉందా టీచరమ్మా?"

"ఉంది. కానీ దాని కుట్టు గట్టిగానే ఉంది" అని ఆవిడ కొత్త కట్ట దింపించి వెళ్ళిపోయింది.

ఆ కట్టలో ఇరవై నాలుగు పుస్తకాలున్నాయి. అన్నిటికీ పేజీ నంబర్లున్నాయి.